కంట్రోలర్ రిపేర్ కిట్ కొంటున్నారా? ఆ రాగి విక్ లోపల రాగి లేదు, జాగ్రత్త

"గేమ్ కంట్రోలర్ రిపేర్ కిట్" అని ఆన్‌లైన్‌లో ఒక డబ్బా అమ్ముతున్నారు. సోల్డరింగ్ ఐరన్, కరిగిన సోల్డర్‌ని (అతికే లోహాన్ని) లాగేసే సక్కర్, దాన్నే పీల్చే చిన్న చుట్ట విక్, ఒక డబ్బీ సోల్డరింగ్ పేస్ట్, బొటనవేలితో తిప్పే అనలాగ్ స్టిక్‌లు రెండు, అన్నీ అందులోనే. స్టిక్ డ్రిఫ్ట్ (ముట్టుకోకపోయినా స్టిక్ కదిలినట్టు చూపించడం) వచ్చిన పీఎస్4 కంట్రోలర్‌ని ఇంట్లోనే బాగుచేసుకుందామని తెప్పించాను. ఆ విక్ పుణ్యమా అని బోర్డు మీద రెండు ప్యాడ్‌లు (కాళ్లను అతికే రాగి బిళ్లలు) లేచిపోయాయి. మీ కార్ట్‌లో కూడా అలాంటిదేదైనా ఉంటే ఒక్క నిమిషం ఆగండి.

ఈ పనికి విక్ ఎంత ముఖ్యమో తెలియాలంటే బోర్డు వెనక్కి తిప్పి చూడాలి. ఒక్క స్టిక్‌కే 14 కాళ్లు. అడ్డం కదలికకు మూడు, నిలువు కదలికకు మూడు, కిందికి నొక్కే బటన్‌కు నాలుగు, రేకు చట్రాన్ని బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు. అన్నింటిలోంచీ సోల్డర్ పోతే తప్ప స్టిక్ ఊడి రాదు. పైగా ఫ్యాక్టరీలో వేసేది సీసం లేని సోల్డర్, దాదాపు 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. చట్రం కాళ్లు సాధారణంగా గ్రౌండ్ రాగి పొరకు కలిసి ఉంటాయి, మనం ఇచ్చే వేడినంతా ఆ పొరే లాగేసుకుంటుంది. అందుకే ముందు 183 డిగ్రీలకే కరిగే 63/37 సోల్డర్ (63 శాతం తగరం, 37 శాతం సీసం) కొంచెం ప్రతి కాలికీ కలిపి, ఆ తర్వాత తీస్తారు.

అసలైన విక్ అంటే సన్నని రాగి పోగుల అల్లిక, దానికి రోజిన్ ఫ్లక్స్ (లోహం మీది ఆక్సైడ్ తొలగించి సోల్డర్ అంటుకునేలా చేసే పదార్థం) పట్టించి ఉంటుంది. కిరోసిన్ దీపం వత్తి నూనెను పీల్చినట్టు కరిగిన సోల్డర్‌ని పైకి లాగేస్తుంది. కొన్ని క్షణాల్లోనే ఎర్రటి అల్లిక తెల్లబడటం కంటికి కనిపిస్తుంది. కిట్‌లో వచ్చిన దాంతో అదేమీ జరగలేదు. సోల్డర్ గోలీలా పక్కనే ఉండిపోయింది, విక్ మాత్రం ప్యాడ్‌కి అతుక్కుంది. ఇక్కడే అసలు ప్రమాదం. వేడి చాలలేదేమో అనిపించి ఎవరైనా ఐరన్ ఇంకాసేపు ఆనిస్తారు, ఇంకాస్త గట్టిగా నొక్కుతారు. ఆ వేడికి ప్యాడ్‌ని బోర్డుకు పట్టి ఉంచిన జిగురు బలహీనపడుతుంది. విక్ తీయగానే ప్యాడ్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తమకే చేతకాలేదని అనుకుంటారు. సరుకే దొంగదని ఎవరికి తడుతుంది?

బ్లేడుతో ఒక పోగును గీకితే గుట్టు బయటపడింది. పైన పల్చగా రాగి పూత, లోపలంతా తెల్లగా ఉంది. అయస్కాంతానికి అంటుకోలేదు, కాబట్టి ఇనుము కాదు, అల్యూమినియమే అయ్యుండాలి. అల్యూమినియం మీద ఎప్పుడూ ఆక్సైడ్ పొర ఉంటుంది. మామూలు రోజిన్ దాన్ని తొలగించలేదు, ఇక సోల్డర్ అంటుకునేదెక్కడ? ఒక్కమాట: మంచి విక్‌లలో కూడా తగరం పూతతో పైకి తెల్లగా కనిపించేవి ఉంటాయి. వాటిని గీకితే లోపల ఎర్రగా ఉంటుంది. చూడాల్సింది లోపలి రంగే.

పేస్ట్ డబ్బీ మీద పేరు లేదు, లేబుల్ లేదు. వేడి తగలగానే ముక్కు మండే ఘాటు. మర్నాటికి కాళ్ల చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. రేకులు, రేడియేటర్లు అతికేవాళ్లు వాడే యాసిడ్ రకం పేస్ట్ ఇలాగే ఉంటుంది. బోర్డుల దగ్గరికి దాన్ని రానివ్వకూడదు.

"హాల్ ఎఫెక్ట్" అని గొప్పగా రాసిన స్టిక్‌లదీ అదే కథ. హాల్ రకంలో అయస్కాంతం, సెన్సార్ ఉంటాయి. ఒకదానికొకటి రాసుకోవు కాబట్టి అరుగుదల ఉండదు. వీటి పక్క మూత తీస్తే నల్లటి కార్బన్ ట్రాక్ కనిపించింది. డ్రిఫ్ట్ తెచ్చేదే ఆ ట్రాక్ అరుగుదల! గుండుసూది దగ్గర పెట్టి చూడండి, లోపలి చక్రం లాగకపోతే అది హాల్ కాదు.

ఐరన్‌కు రెండు పిన్నుల ప్లగ్, ఎర్త్ లేదు. పక్కన పడేశాను. న్యాయంగా చెప్పాలంటే సక్కర్ మాత్రం బాగానే పనిచేసింది.

అమ్మినవాళ్లు "వాడేశారు కాబట్టి వాపసు కుదరదు" అన్నారు. గీకిన పోగు ఫొటోలు పంపాక జవాబే లేదు. ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు గానీ ఎమ్మార్పీ గానీ లేవు. ఏ దేశపు సరుకో వెబ్‌సైట్‌లో చూపించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి, ఆ వివరమూ అక్కడ లేదు. నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీరు కొంటే ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీయండి, వాడకముందే విక్‌ను గీకి చూడండి.

కిట్ జోలికి పోకుండా విడివిడిగా కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. సరుకు చేత్తో పట్టుకుని చూసి కొనొచ్చు. ముందు కంపెనీ పేరున్న విక్, 63/37 సోల్డర్, రోజిన్ ఫ్లక్స్ తీసుకోండి. తర్వాతే స్టిక్‌ల సంగతి.

ఇప్పటికే ప్యాడ్ లేచిపోయినవాళ్లు బోర్డు పారేయకండి. ఆ ప్యాడ్ నుంచి ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) ఎటు పోతోందో చూసి, దాని మీది పూతను కొద్దిగా గీకి, సన్నని ఎనామిల్ వైరుతో స్టిక్ కాలికి కలపొచ్చు. వైరు చివర్లలో ఎనామిల్ కూడా గీకాలి. కంట్రోలర్ మూసే ముందు మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (దారి తెగకుండా కలిసి ఉందా అని) చూసుకోండి, పక్క కాలితో షార్ట్ అయిందేమో కూడా.