పాత డేటాబేస్ సర్వర్‌కి గడువు పడింది: డంపా, రెప్లికేషనా, ఏది మేలు?

రాత్రి తొమ్మిదికి షట్టర్ దించేసే వ్యాపారమైతే డంప్, అంటే డేటా మొత్తాన్ని ఒక ఫైల్‌గా తీసి, కొత్త సర్వర్‌లో ఎక్కించుకోవడమే మేలు. విజయనగరంలో రాత్రింబవళ్లు ఓపీ, మందుల కౌంటరు నడిచే ఆసుపత్రి లాంటిదైతే రెప్లికేషన్, అంటే పాత సర్వర్‌లో పడే ప్రతి మార్పూ కొత్తదాంట్లోకి ఎప్పటికప్పుడు చేరేలా పెట్టడం, తప్పదు. డేటా ఎన్ని జీబీలన్నది రెండో మాట. పని ఎంతసేపు ఆపగలరన్నదే మొదట తేల్చుకోవాలి.

మూడో దారి కూడా ఉంది: మనం కదలకపోయినా హోస్టింగ్‌వాళ్లే మార్చేస్తారులే అన్న ధీమా. మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ అజూర్ తన సింగిల్ సర్వర్ రకం మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని 2024 సెప్టెంబర్ 16న, పోస్ట్‌గ్రెస్‌ని 2025 మార్చి 28న, మరియాడీబీ సర్వీసుని 2025 సెప్టెంబర్ 19న ఆపేసింది. మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్‌కి దాని తయారీదారు ఒరాకిల్ మద్దతు 2023 అక్టోబర్‌తోనే తీరిపోయింది. వాళ్లంతట వాళ్లు మార్చినా ఏ రాత్రి మారుస్తారన్నది వాళ్ల షెడ్యూలు. తెల్లారి పార్టీల (ఖాతాదారుల) పేర్లు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవాల్సింది మాత్రం మనమే.

పలాసలో జీడిపప్పు హోల్‌సేల్ బిల్లింగ్ అనుకుందాం. మైఎస్‌క్యూఎల్ 5.7 మీద 12 జీబీ డేటాబేస్, వెళ్లాల్సింది 8.0కి, వాడేది పది మంది. ఇక్కడ రెప్లికేషన్ జోలికి వెళ్లడం అనవసరపు శ్రమ.

డంప్‌ని షాపులోని కంప్యూటర్‌కి దింపి మళ్లీ ఎక్కించకండి. సెకనుకి 20 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న లైన్‌లో పది జీబీ పోవడానికే గంట దాటుతుంది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. కొత్త సర్వర్ ఉన్న రీజియన్‌లోనే, అంటే ముంబయో హైదరాబాదో అక్కడే, ఒక చిన్న లైనక్స్ మెషిన్ తీసుకుని, టీమక్స్ అనే ప్రోగ్రాం సెషన్‌లో పని నడపండి. ఇక్కడ లైన్ తెగినా అక్కడ పని ఆగదు. అక్టోబర్, నవంబర్లలో ముహూర్తం పెట్టకపోవడం ఇంకా మంచిది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది, ఆ తర్వాత కరెంటు కోసం ఎన్నాళ్లు ఎదురుచూశారో ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు.

డంప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ కమాండ్‌కి సింగిల్ ట్రాన్సాక్షన్, రొటీన్స్, ఈవెంట్స్ ఆప్షన్లు మూడూ ఇవ్వాలి. డేటాబేస్‌లోనే దాచుకున్న కోడ్‌లో ట్రిగ్గర్లు వాటంతటవే వస్తాయి, ప్రొసీజర్లు, ఈవెంట్లు అడిగితేనే వస్తాయి. డేటా అంతా ఒకే క్షణం నాటిదిగా తీసే సింగిల్ ట్రాన్సాక్షన్ ఇన్నోడీబీ రకం టేబుళ్లకే పనిచేస్తుంది. పాత మైఐసామ్ రకం టేబుల్ ఒక్కటున్నా ముందు అప్లికేషన్ ఆపేసి డంప్ తీయాలి. తీయడం కన్నా ఎక్కించడానికే ఎక్కువసేపు పడుతుంది, వెతకడానికి వాడే ఇండెక్సులన్నీ మళ్లీ కట్టాలి కదా. అందుకని వారం ముందే ఒకసారి ఎక్కించి టైం చూసుకోండి. రెండు గంటలు పట్టిందా, అసలు రాత్రికి నాలుగు గంటలు పెట్టుకోండి.

ఆ రిహార్సల్‌లోనే 8.0 పేచీలు బయటపడతాయి. పప్పు గ్రేడుల టేబుల్‌లో ర్యాంక్ అనే కాలమ్ ఉంటే, 8.0లో అది డేటాబేస్ తనకే ఉంచుకున్న రిజర్వ్‌డ్ మాట కాబట్టి బ్యాక్‌టిక్ (`) గుర్తు లేని క్వెరీలు ఆగిపోతాయి. పాత ప్రొసీజర్ల డంప్‌లో నో ఆటో క్రియేట్ యూజర్ అనే మోడ్ ఉంటే అక్కడే ఎర్రర్ వస్తుంది. డెఫినర్‌గా, అంటే యజమానిగా, ఉన్న పాత యూజర్ కొత్తచోట లేకపోతే వ్యూలు (దాచుకున్న క్వెరీలు) తెరుచుకోవు. గ్రూప్ బై దానంతటదే వరసలో పెట్టే అలవాటు 8.0లో లేదు, రిపోర్టులు తారుమారైతే ఆర్డర్ బై చేర్చాల్సిందే.

ఇక తెలుగు పేర్లు. ఊరి కాలమ్‌లో 'పలాస' ఉన్న ఒక వరుస మీద క్యారెక్టర్ లెంగ్త్ (గుర్తుల లెక్క), లెంగ్త్ (బైట్ల లెక్క) రెండూ అడగండి. సరిగ్గా ఉంటే 4, 12 రావాలి, తెలుగు యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. ఎక్కించాక 12, 24 వచ్చాయంటే ఇంగ్లిష్ లాంటి లిపులకే పనికొచ్చే పాత లాటిన్1 టేబుల్‌లో ఉన్న తెలుగు బైట్లు రెండోసారి యూటీఎఫ్ (యూనికోడ్) లోకి మారిపోయాయన్నమాట. పాతచోటే 12, 12 కనబడితే ఈ ప్రమాదం పొంచి ఉన్నట్టే. అప్పుడు డంప్‌ని లాటిన్1 క్యారెక్టర్ సెట్‌తో, సెట్ నేమ్స్ లైన్ రాకుండా తీసి, ఫైల్లో టేబుళ్ల క్యారెక్టర్ సెట్‌ని యూటీఎఫ్8ఎంబీ4గా మార్చి, అదే సెట్‌తో ఎక్కించాలి.

టైమ్‌జోన్ మీద కూడా ఓ కన్నేయాలి. కొత్త సర్వర్ యూటీసీలో (గ్రీన్‌విచ్ టైంలో) ఉంటే నౌ ఫంక్షన్ అయిదున్నర గంటలు వెనక్కి చెబుతుంది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున నాలుగింటికి లారీ లోడు చేసి కొట్టిన బిల్లు మార్చి 31 తేదీతో పడుతుంది, ఏకంగా ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. పారామీటర్లలో ప్లస్ 5:30 పెట్టి, సర్వర్ టైం అడిగి చూశాకే ముందుకెళ్లండి.

రెప్లికేషన్ సంగతి వేరు. ఆగేది నిమిషాలే, కానీ ముందు పని రోజుల తరబడి ఉంటుంది. పాత సర్వర్‌లో మార్పులన్నీ రాసుకునే బిన్‌లాగ్ రో ఫార్మాట్‌లో ఉండాలి, మొదటి కాపీ ఎక్కేదాకా ఆ లాగ్‌లు చెరిగిపోకూడదు, ఆ లాగ్‌లు చదివే రెప్లికేషన్ స్లేవ్ హక్కు చేతిలో ఉండాలి. షేర్డ్ హోస్టింగ్‌లో ఈ హక్కు ఇవ్వరు, కథ అక్కడితో సరి. ఒక్కో వరుసని గుర్తుపట్టే ప్రైమరీ కీ లేని పెద్ద టేబుల్ ఉంటే ఒక్కో మార్పుకీ టేబుల్ మొత్తం వెతుక్కుంటూ కొత్త సర్వర్ గంటలకొద్దీ వెనకబడుతుంది. వెనకబాటు సున్నాకి వచ్చాక పాతదాన్ని రీడ్ ఓన్లీ (చదవడానికి మాత్రమే) చేసి, లెక్కలు సరిచూసి, అప్లికేషన్‌ని కొత్త అడ్రసుకి తిప్పాలి. 5.7 నుంచి నేరుగా 8.4కి ఇది కుదరదు, ఒక మెట్టు పైకే. 8.0కి కూడా మద్దతు 2026 ఏప్రిల్ వరకే కాబట్టి ఈ దారిలో వెళ్లేవాళ్లకి మరో మార్పు వెంటనే ఉంటుంది.

అప్లికేషన్ వైపు మాత్రం రెండు దారుల్లోనూ తిప్పలు ఒకటే. అజూర్ సింగిల్ సర్వర్‌లో యూజర్ పేరు తర్వాత యాట్ గుర్తు, సర్వర్ పేరు రాసేవాళ్లం. దాని బదులు వచ్చిన ఫ్లెక్సిబుల్ సర్వర్‌లో ఉత్త యూజర్ పేరు చాలు. ఫైర్‌వాల్‌లో షాపు ఐపీ చేర్చాలి. అప్లికేషన్ రాసిన పీహెచ్‌పీ 7.4 కన్నా పాతదైతే 8.0 కొత్త పాస్‌వర్డ్ పద్ధతి దగ్గరే లాగిన్ ఆగొచ్చు.

వెనక్కి వెళ్లాలనుకుంటే కొత్త సర్వర్‌లో మొదటి బిల్లు పడకముందే వెళ్లాలి. బిల్లులు పడ్డాక 8.0 నుంచి 5.7కి తిరుగు రెప్లికేషన్‌కి మద్దతు లేదు, ఆ బిల్లులు పాతదాంట్లో చేత్తో ఎక్కించుకోవడమే. పాత సర్వర్ మూతపడితే దాని బ్యాకప్‌లూ పోతాయి. జీఎస్‌టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి, చివరి డంప్ కాపీ ఒకటి హార్డ్ డిస్కులో పెట్టి ఆడిటర్‌కి చెప్పి ఉంచండి.