ఒప్పందం ఎవరు చేయాలి? మన పద్ధతా, అమెరికాదా, స్విస్ వాళ్లదా: ఏది మేలు?

కళ్యాణదుర్గంలో కిరాణా అంగడి ముందర మా చిన్నాయన ఒక చేత్తో పామాయిల్ ప్యాకెట్టు, ఇంకో చేత్తో శనక్కాయ నూనె ప్యాకెట్టు పట్టుకొని రెండింటి ధరా చూసి, "ఏమప్పా, ఆ దేశాలతో ఒప్పందం రాసుకునేటప్పుడు మనల్ని ఎవురైనా అడిగినారా?" అన్నాడు. నలభై ఏళ్లుగా శనక్కాయే వేస్తున్న మనిషి. ఊరికే తలాడించి వచ్చేయలేకపోయాను.

అడగలేదు. అడగాలని మన రాజ్యాంగంలో లేదు కూడా. విదేశాలతో ఒప్పందాలు కేంద్ర జాబితాలో (అంటే కేంద్రానికే వదిలేసిన విషయాల పట్టికలో) 14వ అంశం, 73వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వమే సంతకం పెట్టేయొచ్చు, పార్లమెంటులో ఓటింగ్ తప్పనిసరి కాదు. అమలుకు కొత్త చట్టం కావాల్సి వస్తేనే సభకు పోవాలి, అప్పుడు కూడా 253వ అధికరణం చేతిలో ఉంది కాబట్టి వ్యవసాయం లాంటి రాష్ట్రాల విషయం మీద సైతం రాష్ట్రాల మాట వినకుండానే చట్టం చేయొచ్చు. ఇండోనేషియా, మలేషియా లాంటి పామాయిల్ దేశాలున్న ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్‌తో 2009 ఆగస్టులో కుదిరిన ఒప్పందంలో ముడి పామాయిల్ మీద సుంకం 2019 కల్లా 37.5 శాతానికి దించుతామని ఒప్పుకున్నాం. సుంకం దించడానికి ఒక నోటిఫికేషన్ చాలు. శనక్కాయ రైతు కష్టానికి పామాయిల్ ఒక్కటే కారణం అనను, మా జిల్లాలో వానల సంగతి అందరికీ తెలిసిందే. కానీ అడగకపోవడం అడగకపోవడమే.

నేల వదులుకోవాలంటే మాత్రం మన దగ్గరా గట్టి అడ్డు ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారిలో కొంత భాగం పాకిస్తాన్‌కు ఇచ్చే విషయంలో 1960లో సుప్రీంకోర్టు రాజ్యాంగ సవరణ కావాల్సిందేనంది, బంగ్లాదేశ్‌తో సరిహద్దు సర్దుకోవడానికి 2015లో 100వ సవరణ చేశారు. నేలకున్న ఈ కాపలా ఆ నేలలో పండే పంటకు లేదు, నా బాధ అదే.

అమెరికాలో రాజ్యాంగమే ఎగువ సభ అయిన సెనేట్‌లో హాజరైనవాళ్లలో మూడింట రెండొంతుల ఆమోదం కావాలంటుంది. ఇది మరీ బిగుతు. అధ్యక్షుడు విల్సన్ స్వయంగా కూర్చొని కుదిర్చిన, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సాయ్ శాంతి ఒప్పందం సెనేట్‌లో 1919లోనూ, 1920లోనూ వీగిపోయింది. మనం 1971 ఆగస్టులో సోవియట్‌తో స్నేహ ఒప్పందం చేసుకున్నాం, డిసెంబరులో యుద్ధం వచ్చింది, అలాంటి టైంలో ఇంత పెద్ద మెజారిటీ కోసం పరిగెత్తడం మనకు కుదరని పని. అయితే వాణిజ్యానికి వాళ్లే ఇంకో దారి వేసుకున్నారు: 1993లో కెనడా, మెక్సికోలతో చేసుకున్న వాణిజ్య ఒప్పందం నాఫ్టాను మామూలు చట్టంలా రెండు సభల్లోనూ ఓటుకు పెట్టారు, ప్రతినిధుల సభలో 234–200తో గట్టెక్కింది.

స్విట్జర్లాండ్ కథ చదివితే అసూయ కలిగింది. అక్కడ 100 రోజుల్లో 50,000 సంతకాలు తెస్తే ముఖ్యమైన ఒప్పందాన్ని జనం ముందు ఓటుకు పెట్టాల్సిందే. ఇండోనేషియాతో ఒప్పందం మీద, అదీ ఈ పామాయిల్ గొడవ మీదే, ఒక ద్రాక్షతోట రైతు ముందుపడి సంతకాలు సేకరిస్తే 2021 మార్చిలో దేశమంతా ఓటేసింది. 51.6 శాతం సరే అన్నారు. రైతు ఓడిపోయాడు, నిజమే, కానీ పామాయిల్ గురించి దేశం మొత్తం మాట్లాడుకునేలా చేసి ఓడిపోయాడు.

2024 ఎన్నికల నాటికే దాదాపు 97 కోట్ల ఓటర్లున్న మనం ప్రతి ఒప్పందానికీ అలా చేయలేం. అందుకే నా ఓటు నాఫ్టా దారికే. యుద్ధం, రక్షణ విషయాలు ఇప్పటిలాగే ప్రభుత్వానికి వదిలేసి, పంటల్ని తాకే వాణిజ్య ఒప్పందాన్ని మాత్రం ముందు రాష్ట్ర శాసనసభల అభిప్రాయానికి పంపి, ఆ తర్వాత పార్లమెంటులో మామూలు మెజారిటీతో ఓటుకు పెట్టాలి. దీనికి రాజ్యాంగాన్ని మార్చనక్కర్లేదు, ఆ 14వ అంశం కిందే పార్లమెంటు చట్టం చేయొచ్చు.

ఇదంతా చిన్నాయనకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "అట్లయితే మన ఎంపీ ఎటు ఓటేసినాడో ఊళ్లో తెలుస్తాది గదా" అన్నాడు.