మా ఇంట్లో డ్రైన్ క్లీనర్లు, తొమ్మిదేళ్లు: ఏ అడ్డుకు ఏది పనికొచ్చింది

వంటింటి సింకు ఒకటి, బాత్రూములు రెండు, బట్టలు ఉతికే చోట ఒక తూము. తొమ్మిదేళ్లుగా ఇదే ఇంట్లో ఉంటున్నాను. ఈ నాలుగు చోట్లలో ఎక్కడ నీళ్లు నిలిచినా ఏదో ఒకటి పోసి చూశాను. కాస్టిక్ గుళికలు, చిక్కటి జెల్, యాసిడ్, ఎంజైమ్ పొడి, వంటసోడా, వెనిగర్ అన్నీ అయ్యాయి. ఏ కంపెనీది మంచిదని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. డబ్బాల మీద పేర్లు ఎన్ని ఉన్నా లోపల ఉండే పదార్థాలు నాలుగైదు రకాలే. డబ్బాను వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల పేర్లు చదివితే అది ఏ అడ్డును తీస్తుందో, దేని జోలికి పోదో తెలిసిపోతుంది. నేను రాస్తున్నది ఆ రకాల గురించే.

మందు కంటే ముందు రోగం తెలియాలి. వంటింటి సింకులో అడ్డు అంటే చాలావరకు జిడ్డే. వేడిగా ఉన్నప్పుడు నూనె, కొవ్వు నీళ్లలా జారిపోతాయి. పైపులో కాస్త దూరం వెళ్లి చల్లబడగానే గోడకు అంటుకుంటాయి. ఆ జిడ్డు మీద ఆహారపు తునకలు పేరుకుని దారి రోజురోజుకూ సన్నబడుతుంది. బాత్రూములో అయితే వెంట్రుకలు, సబ్బు. నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది సబ్బుతో కలిసి, కరగని తెల్లటి మడ్డిగా మారి వెంట్రుకలను జిగురులా పట్టి ఉంచుతుంది. టాయిలెట్‌లో అడ్డుపడేది కాగితమో, తుడుచుకునే తడి గుడ్డలో, పొరపాటున పడిన వస్తువో. వీటన్నిటికీ ఒకే డబ్బా చాలునని రాసి ఉంటే నేను నమ్మను.

నేను ఎక్కువగా వాడింది గుళికలే, ఎక్కువగా భయపడేదీ వాటికే. వీటిలో ప్రధానమైనది సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా. నీళ్లు తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి జిడ్డు మెత్తబడుతుంది, కాస్టిక్ దాన్ని సబ్బుగా మార్చేస్తుంది. సబ్బు తయారీలో జరిగే రసాయన చర్యే ఇది. వెంట్రుకల్లోని ప్రోటీన్‌ను కూడా తెంచుతుంది గానీ దానికి ఎక్కువ సమయం పడుతుంది. కొన్ని డబ్బాల్లో తెల్లటి గుళికల మధ్య మెరిసే లోహపు ముక్కలు కనిపిస్తాయి. అవి అల్యూమినియం. కాస్టిక్‌తో కలిసి ఇంకా వేడి పుట్టిస్తాయి, హైడ్రోజన్ వాయువును వదులుతాయి. ఆ బుడగలు పేరుకున్న మడ్డిని కదిలిస్తాయి. అయితే హైడ్రోజన్ మండే వాయువు కాబట్టి ఆ సమయంలో పొయ్యి ఆర్పి, కిటికీ తెరిచి ఉంచాలి. సింకు గానీ దాని అమరికలు గానీ అల్యూమినియంతో చేసినవైతే ఈ రకాన్ని అసలు ముట్టుకోవద్దు. వాటినీ తినేస్తుంది.

నీళ్లు ఆలస్యంగానైనా పోతున్నంతవరకు జిడ్డుకు ఇంతకంటే బాగా పనిచేసినది నేను చూడలేదు. పూర్తిగా మూసుకుపోయాక సంగతి వేరు. మూడో ఏట ఒక రాత్రి వంటింటి సింకులో నీళ్లు చుక్క కూడా కదలలేదు. నిలిచిన నీళ్లు తోడేసి, చెప్పిన కొలతకు రెండింతలు గుళికలు వేసి, పైన ఒక గ్లాసుడు నీళ్లు పోసి పడుకున్నాను. తెల్లారి కొళాయి తిప్పితే నీళ్లు మళ్లీ అంచుదాకా వచ్చాయి. ఇక ప్లంబర్‌ను పిలిచాను. ఆయన సింకు వైపు చూడకుండానే, “ముందు ఇందులో ఏం పోశారో చెప్పండి” అన్నాడు. చెప్పాక మందపాటి రబ్బరు తొడుగులు వేసుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, కింద నీళ్లున్న ప్లాస్టిక్ బకెట్ ఉంచి ట్రాప్ విప్పాడు. సింకు కింద వంపు తిరిగి ఉండే భాగమే ట్రాప్. మురుగు వాసన ఇంట్లోకి రాకుండా అందులో ఎప్పుడూ కొద్దిగా నీళ్లు నిలిచి ఉంటాయి. మా ట్రాప్‌లో ఉన్నది సుద్దరాయిలాంటి ముద్ద. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెళుసుగా రాలింది. దాని మధ్యలో కరగని గుళికలు తడిగా, తెల్లగా మెరుస్తున్నాయి. అవి బకెట్‌లో పడగానే నీళ్లు వేడెక్కాయి. బకెట్ గోడకు చెయ్యి ఆనిస్తే ఆ వేడి నాకు స్పష్టంగా తెలిసింది. రాత్రంతా గడిచినా వాటి శక్తి పోలేదు. ఏం పోశానో చెప్పకుండా ఊరుకుని ఉంటే ఆయన ఉత్త చేతులతో విప్పేవాడేమో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

ఆ తర్వాత గుళికల విషయంలో నా పద్ధతి మారింది. పూర్తిగా మూసుకున్న పైపులో వెయ్యను. కొలత దాటను. వాడేది ఎప్పుడూ చల్లటి నీళ్లే. వేడి నీళ్లు పోస్తే ఒక్కసారిగా పొంగి మొహం మీదికి చిమ్మే ప్రమాదం ఉంది. చెప్పిన సమయం అవగానే కొళాయి పూర్తిగా తిప్పి చాలాసేపు నీళ్లు వదులుతాను. గుళికలు వేసిన పైపులో ప్లంజర్, అంటే కర్ర చివర రబ్బరు గిన్నె ఉండే పనిముట్టు, కొట్టడం మాత్రం ఎప్పటికీ చెయ్యకూడని పని. లోపల ఉన్న కాస్టిక్ నీళ్లు కళ్లలోకి ఎగురుతాయి. చర్మం మీద పడితే మొదట మంట కంటే ముందు జారుడు తెలుస్తుంది. చర్మంలోని కొవ్వే సబ్బుగా మారుతోందని దాని అర్థం. వెంటనే పారే నీళ్ల కింద పెట్టి కనీసం 20 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే అలాగే కడుగుతూ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పిల్లలు మింగితే వాంతి చేయించకూడదు. వెళ్లేటప్పుడు గొంతును కాల్చినది తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి కాలుస్తుంది. నోరు నీళ్లతో కడిగి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డబ్బా వెంట ఉండాలి.

జెల్ రకం దీనికి దగ్గర చుట్టం. చాలావాటిలో కాస్టిక్‌తోపాటు సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్ ఉంటుంది. నీళ్ల కంటే బరువైనది కాబట్టి నిలిచిన నీళ్లలోంచి కిందికి దిగుతుంది. గుళికల్లా అంతగా వేడెక్కదు, గడ్డకట్టదు. బాత్రూము తూములో నీళ్లు నెమ్మదిగా పోతున్నప్పుడు వాడితే రెండు మూడు నెలలు హాయిగా ఉండేది. కానీ ఆ హాయి అంతవరకే. సబ్బు మడ్డి కరిగి వెంట్రుకల పోగు మాత్రం సగం మిగిలేది. దాని చుట్టూ మళ్లీ మడ్డి చేరేది.

ఆ పోగును ఒకసారి చూస్తే జెల్ ఎందుకు ఓడిపోయిందో అర్థమవుతుంది. పక్కల ముళ్లున్న సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి దొరుకుతుంది. జాలీ తీసి దాన్ని లోపలికి దించి, మెల్లగా తిప్పుతూ పైకి లాగితే జానెడు పొడవు, బొటనవేలి మందం ఉన్న బూడిదరంగు తాడు బయటికి వచ్చింది. పట్టుకుంటే జారిపోతోంది, పిండితే నల్లటి నీళ్లు. ఆ తాడు వచ్చేసిన మరుక్షణం తూములో నీళ్లు గుటకలు వేసినట్లు చప్పుడు చేస్తూ దిగిపోయాయి. అప్పటినుంచి బాత్రూముకు నా మొదటి ఎంపిక ఈ పట్టీయే. రసాయనం సగం కరిగించే దాన్ని ఇది మొత్తంగా బయటపడేస్తుంది.

యాసిడ్ ఒకే ఒక్కసారి వాడాను, మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ సున్నపు పొరను, సిమెంటు మరకలను బాగానే తీస్తుంది. జిడ్డుకు, వెంట్రుకలకు దానివల్ల పెద్దగా ఫలితం లేదు. మా జిడ్డు కదలలేదు గానీ, తూము చుట్టూ ఉన్న స్టీలు కట్టు నల్లబడి గరుకుగా మారింది. ఆ ఆవిరికి గొంతు రెండు రోజులు మండింది. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ వెంట్రుకలను, కాగితాన్ని కూడా మాడ్చి కరిగించగలదు. నీళ్లు తగిలితే భగ్గున వేడెక్కి చిమ్ముతుంది, లోహాన్ని, పాలరాయిని తినేస్తుంది. అది శిక్షణ ఉన్నవాళ్ల చేతిలో ఉండాల్సిన పదార్థం. ఇంట్లో ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇంతకంటే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఒకటి పనిచెయ్యలేదని దాని మీద ఇంకొకటి పొయ్యవద్దు. బ్లీచ్ ఉన్న జెల్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూములో అది ప్రాణాంతకం. అమ్మోనియా ఉన్న క్లీనర్ పడితే క్లోరమైన్ వాయువులు వస్తాయి, అవీ విషమే. కాస్టిక్ మీద యాసిడ్ పడితే లోపల మరిగి పైకి ఎగజిమ్ముతుంది. అడ్డు తొలగక విసుగెత్తిన మనిషే ఈ పని చేస్తాడు, అందుకే నాకు ఈ భయం.

ఎంజైమ్ పొడి గురించి నా అభిప్రాయం పూర్తిగా మారింది. మొదటిసారి మూసుకుపోయిన సింకులో వేసి, గంటలో ఏమీ జరగలేదని డబ్బా పక్కన పడేశాను. అది ఆ పనికి ఉద్దేశించినదే కాదు. ఇందులో ఉండేవి ఎక్కువగా బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా, అవి తయారుచేసే ఎంజైమ్‌లు. కొవ్వును లైపేజ్, ప్రోటీన్‌ను ప్రోటియేజ్, పిండిపదార్థాన్ని అమైలేజ్ ముక్కలు చేస్తాయి. వాటికి గంటలు కావాలి, గోరువెచ్చని తడి కావాలి, బ్లీచ్ తగలకూడదు. రాత్రి అందరూ సింకు వాడడం అయ్యాక వేసి తెల్లారేదాకా వదిలెయ్యాలి. రెండేళ్లుగా వారానికోసారి వంటింటి సింకులో వేస్తున్నాను. మొన్న ట్రాప్ విప్పితే గోడకు పలచటి జారుడు పొర తప్ప మందమైన జిడ్డు లేదు. వెంట్రుకల్లోని కెరటిన్ గట్టి ప్రోటీన్ కాబట్టి బాత్రూములో దీనివల్ల నాకు పెద్ద తేడా కనిపించలేదు. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్లకు నేను మొదట చెప్పేది ఈ రకాన్నే. ట్యాంకులో పనిచేసేదీ బ్యాక్టీరియానే, కాస్టిక్ ఎక్కువగా పోస్తే అది చచ్చిపోతుంది.

వంటసోడా, వెనిగర్ కలిస్తే వచ్చే నురగ చూడడానికి బాగుంటుంది. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. రెండూ ఒకదాన్నొకటి తటస్థం చేసుకుని కార్బన్ డయాక్సైడ్ బుడగలు, సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు మిగులుతాయి. వాటికి జిడ్డును కరిగించే శక్తి లేదు. తూము దగ్గర వాసన కొంత తగ్గింది, అంతే. సలసల మరిగే నీళ్లు పొయ్యడమూ మానేశాను. పీవీసీ పైపు సాధారణంగా 60 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది. అంతకు మించితే మెత్తబడి అతుకుల దగ్గర కారడం మొదలవుతుంది.

పూర్తిగా మూసుకుపోతే ఇప్పుడు ప్లంజర్ తీస్తాను. సింకుకు అడుగు చదునుగా ఉన్న రబ్బరు గిన్నెది, టాయిలెట్‌కు లోపలికి మడిచే అంచు ఉన్నది. రెండింటికీ ఒకటే వాడితే గాలి తప్పించుకుంటుంది. సింకు పైభాగంలో పొర్లిపోయే నీళ్లకు ఒక రంధ్రం ఉంటే దాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి. చాలామంది దగ్గర ప్లంజర్ పనిచెయ్యకపోవడానికి కారణం ఈ రంధ్రమే. రబ్బరు గిన్నె మునిగేంత నీళ్లుండాలి. నొక్కడం కంటే వెనక్కి లాగడమే అడ్డును ఎక్కువగా కదిలిస్తుంది. దానికీ లొంగకపోతే బకెట్ పెట్టి ట్రాప్ విప్పుతాను, ఇంకా లోపల ఉంటే పైపులోకి దించి తిప్పే స్ప్రింగు తీగ వాడతాను. టాయిలెట్‌లో కాస్టిక్ వెయ్యను. ఆ వేడికి పింగాణీ పగలవచ్చు, పడిపోయిన వస్తువు కరగదు కూడా. సింకులో నీళ్లు వదిలితే బాత్రూము తూములో పైకి వస్తున్నాయంటే అడ్డు ఇంటి ప్రధాన పైపులో ఉన్నట్టు. ఏ సీసా అక్కడిదాకా పనిచెయ్యదు, ప్లంబర్‌ను పిలవాల్సిందే.

గుళికల డబ్బా ఇప్పటికీ ఉంది. తేమ తగిలితే గడ్డకడుతుంది కాబట్టి మూత బిగించి, పిల్లలకు అందని పై అరలో, తాళం వేసి ఉంచుతున్నాను. తెరిచిన ప్రతిసారీ మూత మీద తేదీ రాస్తాను. అక్కడున్న చివరి తేదీకి, ఈ రోజుకు మధ్య 14 నెలలు.