జున్ను గూడు: 36 అంగుళాల ఇనుప క్రేట్, మూడేళ్ల వాడకం తర్వాత

కుక్కపిల్ల పడుకోవడానికి కొన్న ఈ ఇనుప కడ్డీల క్రేట్ ఇంటికి వచ్చిన రోజు మా అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "కుక్కపిల్లని తెచ్చుకుని బోన్లో పెడతావేటే? ఉసురు తగుల్తాది" అంది. ఆ మాటలో న్యాయం ఉంది. కుక్కని మూసి ఉంచడానికి వాడితే ఇది నిజంగా బోనే. మా ఇంట్లో మాత్రం మూడేళ్లలో దీని తలుపు మూసి ఉన్న సమయం కంటే తెరిచి ఉన్న సమయమే చాలా ఎక్కువ. అందుకే ఇది మాకు పనికొచ్చిందని నా గట్టి నమ్మకం.

మాది విశాఖపట్నం పెదవాల్తేరులో మూడో అంతస్తు ఫ్లాట్. జున్ను వీధి కుక్కపిల్ల. అప్పుఘర్ దగ్గర వానలో, ఆగి ఉన్న ఆటో కింద దొరికింది. డాక్టరు గారు పళ్లు చూసి రెండు నెలలు ఉంటాయన్నారు. ఆ వారమే ఆన్‌లైన్లో ఈ క్రేట్ తెప్పించాను, 4,200 రూపాయలు అయింది. మడత పెట్టుకునే రకం. రెండు తలుపులు, కింద ప్లాస్టిక్ ట్రే, లోపల అడ్డు పెట్టుకోవడానికి ఒక జాలీ. జున్ను ఇప్పుడు 17 కిలోలు. లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపుకుని పడుకోవడానికి ఈ సైజు సరిపోతోంది.

ఆ అడ్డు జాలీ లేని క్రేట్ మాత్రం కొనకండి. నేను దాని పని తెలియక మొదటి నాలుగు రోజులూ పక్కన పెట్టేశాను. జున్ను ముందు భాగంలో పడుకుని, వెనక మూలకి వెళ్లి పాస్ పోసేది. కుక్కలు పడుకునే చోటుని మామూలుగా పాడు చేసుకోవు. కానీ చోటు మరీ పెద్దదైతే ఒక మూల పడక, ఇంకో మూల టాయిలెట్ అయిపోతాయి. జాలీ పెట్టి, దానికి ఒళ్లు తిప్పుకునేంత చోటు మాత్రమే ఉంచాక లోపల పోయడం ఆగింది. అది పెరిగే కొద్దీ జాలీని వెనక్కి జరుపుతూ వచ్చాం.

అయితే క్రేట్ తనంతట తాను టాయిలెట్ అలవాటు నేర్పదు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక, ఇవి కాక పగలు రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాల్సిందే. టీకాల కోర్సు పూర్తయ్యేదాకా వీధిలో దించొద్దన్నారు, పార్వో అనే ప్రాణాంతక వైరస్ భయం. అందుకని మేడ మీద ఒక మూల మట్టి ట్రే పెట్టి, చేతుల్లో ఎత్తుకుని పరిగెత్తేవాళ్లం. అక్కడ పని అయిన వెంటనే, అక్కడే, ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. ఇల్లు తుడవడానికి ఫినాయిల్ మానేశాం. కుక్క పాదాలు నాకుతుంది, అది లోపలికి పోతే ప్రమాదం. పైగా మనకి పాస్ వాసన పోయినా దాని ముక్కుకి పోదు, మళ్లీ అక్కడికే వెళ్తుంది. ఎంజైమ్ ఉన్న క్లీనర్ కొంచెం ఖరీదే, కానీ తేడా కనిపించింది. ఐదో నెల వచ్చేసరికి ఇంట్లో పోయడం పూర్తిగా ఆగిపోయింది.

తలుపు వేయడం అలవాటు చేయడానికి మాకు రెండు వారాలు పట్టింది. మొదట గిన్నె క్రేట్ ముందు పెట్టాం. తర్వాత గుమ్మం లోపల, ఆ తర్వాత చివరన. తింటున్నంతసేపే తలుపు వేసి, తినడం అవగానే తీసేశాం. ఆపైన రెండు నిమిషాలు, ఐదు, పది. రాత్రి నా మంచం పక్కనే పెట్టుకున్నాను, కడ్డీల మధ్యలోంచి చెయ్యి పెడితే తగిలేలా. అర్ధరాత్రి ఏడిస్తే లైటు వేయకుండా, మాట్లాడకుండా మేడ మీదికి తీసుకెళ్లి, మళ్లీ పడుకోబెట్టేదాన్ని. పసిపిల్ల రాత్రంతా ఆపుకోలేదు, ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుందని వదిలేయకూడదు.

కాలింగ్ బెల్ దగ్గర మాత్రం కష్టపడ్డాం. కొరియర్ అబ్బాయి వచ్చినా, గ్యాస్ సిలిండర్ వచ్చినా తలుపు మీదికి ఉరికి మొరిగేది. నేను "ప్లేస్" అనేదాన్ని, అమ్మ "లోపలికెళ్లు" అనేది, మా అబ్బాయి "గో" అని అరిచేవాడు. మూడు మాటలూ విని పాపం మధ్యలో నిలబడిపోయేది. చివరికి అమ్మే "గూడు అందాం" అంది. ఆ రోజు నుంచి అందరిదీ ఒకటే మాట. అబ్బాయి బయట నుంచి బెల్ కొట్టేవాడు. అది మొరిగేలోపే నేను "గూడు" అని చికెన్ ముక్కలు క్రేట్ లోపలికి విసిరేదాన్ని, బియ్యపు గింజలకన్నా కొంచెం పెద్దవి, అంతే. రోజుకి పదిసార్లు. మూడో వారంలో ఒక మధ్యాహ్నం నిజంగానే ఎవరో బెల్ కొట్టారు. నేను వంటింట్లో ఉన్నాను, నోరు తెరవలేదు. జున్ను చెవులు నిక్కాయి, ఒకసారి తలుపు వైపు చూసింది, వెనక్కి తిరిగి గూట్లోకి వెళ్లి కూర్చుని నా వైపు చూసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి మీద ఉన్న కూరలోంచి ముక్క ఇవ్వబోయి ఆగాను, ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకి విషం. ఫ్రిజ్‌లో ఉన్న చికెన్ మొత్తం పెట్టేశాను.

కొరకడానికి క్రేట్ మందు కాదు. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసులో ఏదో ఒకటి నమలాల్సిందే. తడిగుడ్డ మెలిపెట్టి ఫ్రీజర్‌లో పెట్టి, ఎదురుగా కూర్చుని ఇచ్చేవాళ్లం. ఏడో నెలకి అదే తగ్గింది. కొరికినందుకు శిక్షగా క్రేట్‌లోకి నెట్టడం మాత్రం ఒక్కసారి కూడా చేయలేదు. అలా చేసి ఉంటే అది గూటిని ఎప్పటికీ నమ్మేది కాదు.

ఇక క్రేట్‌లో లోపాలు. మన సముద్రపు గాలికి ఈ రంగు తట్టుకోలేదు. ఎనిమిదో నెలకే కింది అతుకుల దగ్గర తుప్పు మొదలైంది. రెండో ఏడు ఆటోనగర్‌లో పౌడర్ కోటింగ్ చేయించాను. ట్రే ఒక మూల పగిలింది, విడిగా దొరకలేదు. కదిలినప్పుడల్లా గలగలమంటుంది, ట్రే కింద పాత తువ్వాలు మడిచి వేశాం. లోపలికి వెళ్లేటప్పుడు మెడ బెల్ట్ తీసేయాలి, కడ్డీలకి చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏప్రిల్, మే ఉక్కపోతలో ఫ్యాన్ కిందే పెట్టాలి, దుప్పటి కప్పకూడదు.

దీపావళికి మాత్రం మూడు వైపులా మందపాటి దుప్పటి కప్పి, తలుపు తెరిచే ఉంచుతాం. భయపడ్డ కుక్కని మూసేస్తే కడ్డీల మీద పడి గాయపడుతుంది. మా చెల్లి పెద్ద వయసు కుక్కని దత్తత తెచ్చుకుని, అలవాటు చేయకుండానే ఇలాంటి క్రేట్‌లో పెట్టి ఆఫీసుకి వెళ్లింది. వచ్చేసరికి కడ్డీ వంగి, చిగుళ్లు కోసుకుపోయి ఉన్నాయి. ఒంటరిగా ఉండలేని కుక్కలకి ఇది వద్దు, ముందు డాక్టరుకి చూపించండి. రోజంతా ఇంట్లో ఎవరూ ఉండని వాళ్లకీ ఇది వద్దు. పెద్ద కుక్కనైనా నాలుగు గంటలకి మించి మూసి ఉంచకూడదని నా అభిప్రాయం.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే సైజు, రెండు తలుపులది, ట్రే విడిగా దొరికేది చూస్తాను. ఇప్పటికైతే మార్చే ఆలోచన లేదు. ఇది రాస్తుంటే మధ్యాహ్నం రెండయింది. తలుపు తెరిచే ఉంది. అమ్మ పాత నేత చీర పరిచిన గూట్లో జున్ను వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది.