మాన్యుఫాక్చరింగ్ బేసిక్స్ నుంచి నేర్చుకోవాలంటే ఎన్‌పీటీఈఎల్ చూడండి, నా రివ్యూ

డిప్లొమా, బీటెక్ మెకానికల్ చదివే తమ్ముళ్ల కోసం రాస్తున్నా. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ ప్రొఫెసర్లు చెప్పే ఎన్‌పీటీఈఎల్ (ఆన్‌లైన్ కోర్సుల ప్రోగ్రామ్) మాన్యుఫాక్చరింగ్ కోర్సులు నిజంగా బాగున్నాయి, వీడియోలు మొత్తం ఫ్రీ, సర్టిఫికెట్ కావాలంటేనే ఎగ్జామ్ ఫీజు కట్టాలి. క్యాస్టింగ్, వెల్డింగ్, మెషినింగ్ అయ్యాక సీఎన్‌సీకి (కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు) వెళ్లండి, డైరెక్ట్‌గా ఆ మెషిన్లకి ఇచ్చే జీ కోడ్ ప్రోగ్రామ్ మీద పడితే ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం), స్పీడ్ (తిరిగే వేగం) ఎందుకలా పెడతారో అర్థం కాదు.

నాకు బాగా పనికొచ్చింది ఫిట్స్, టాలరెన్స్ టాపిక్, అంటే హోల్‌లో షాఫ్ట్ ఎంత వదులుగా, ఎంత బిగుతుగా కూర్చోవాలి, సైజులో ఎంత తేడా ఒప్పుకోవచ్చు అన్నది. 25 ఎంఎం హోల్‌కి హెచ్7 అంటే 25.000 నుంచి 25.021 మధ్య రావాలి, షాఫ్ట్ జీ6 అయితే 24.980 నుంచి 24.993, అంటే గ్యాప్ కనీసం 7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు), మహా అయితే 41, ఇది బుర్రకెక్కితే డ్రాయింగ్ చూడగానే రీమర్ (హోల్‌ని కచ్చితమైన సైజుకి తెచ్చే టూల్) సరిపోతుందా, గ్రైండింగ్ కావాలా అని మీకే ఐడియా వచ్చేస్తుంది, 0.02 ఎంఎం వరకే చూపించే వెర్నియర్‌తో ఆ హోల్ ఎందుకు చెక్ చేయకూడదో, బోర్ గేజ్ (హోల్ లోపలి సైజు కొలిచే సాధనం) ఎందుకు కావాలో కూడా.

ఇంగ్లిష్ స్పీడ్‌గా అనిపిస్తే ఆపి నోట్స్ రాసుకోండి. లేత్ ప్రాక్టీస్ మాత్రం అస్సలు వదలొద్దు, జీడిమెట్లలోనో బెజవాడ ఆటోనగర్‌లోనో తెలిసినవాళ్ల వర్క్‌షాప్ ఉంటే సాయంత్రాలు వెళ్లి నిలబడండి.