పర్లాకిమిడి–కాశీనగర్ దారిలో పాత బడి: కళలకు ఎంతవరకు పనికొస్తుంది?

ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్ళే దారిలో ఉన్న ఈ పెంకుటి బడిని, ఈ ప్రాంతం అప్పటి గంజాం జిల్లాగా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే కట్టారు. పక్కన శ్లాబు బడి వచ్చాక ఖాళీ పడిపోయి, ఇప్పుడు ఊరివాళ్ళ చేతుల్లో కళాకేంద్రం అయింది. హరికథకో, జముకుల కథకో, పిల్లల సంగీతం క్లాసుకో చోటు కావాలంటే నిశ్చింతగా తీసుకోండి. ఆర్కెస్ట్రాకీ డీజేకీ మాత్రం వద్దు.

ముందు గోడల సంగతి. ఇలాంటి పాత కట్టడాలను బాగుచేసేటప్పుడు సిమెంటు పూయడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. ఇటుక, సున్నం గోడ నేలలోని చెమ్మను పీల్చి బయటి గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు వేస్తే చెమ్మకు దారి మూసుకుపోయి పైకి పాకుతుంది, ఉప్పు తేలుతుంది, చివరికి పూత పెచ్చులుగా రాలుతుంది. ఇక్కడ పెద్ద హాల్లో పాత సిమెంటు చెక్కేసి, గోడలు ఆరనిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక చొప్పున గానుగ సున్నం పూశారు. పూత పలచగా, రెండు మూడు వరసలుగా ఉంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి వరసకీ వరసకీ మధ్య రోజులు ఆగాలి, ఎండ తగలకుండా గోనెపట్టాలు తడిపి కట్టాలి. ఆ ఓపిక ఇక్కడ కనిపిస్తోంది. హాలంతా వెతికినా ఒక్క వెంట్రుక బీట లేదు. ఆ తాపీ మేస్త్రీలకు దండం పెట్టాలి.

ఆఫీసు గదిలో మాత్రం మూడడుగుల ఎత్తు సిమెంటు పట్టీ అలాగే ఉంచేశారు. దాని పైన గోడ నల్లబడింది. చిత్రప్రదర్శన పెట్టేవాళ్ళు ఆ గోడకు కాగితం, గుడ్డ బొమ్మలు తగిలించవద్దు, వారానికే బూజు పడుతుంది. తప్పదంటే అంగుళం మందం చెక్కబద్దలు కొట్టి, వెనక గాలి ఆడేలా వేలాడదీయండి.

హాలు సుమారు నలభై అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు. రెండు తరగతుల మధ్య గోడ తీసేసి, అది మోసిన దూలాన్ని రెండు టేకు స్తంభాల మీద నిలబెట్టారు. పని గట్టిదే గానీ, వేదిక చివర గోడకు వేస్తే వెనక కూర్చున్నవాళ్ళకు స్తంభాలు అడ్డం. వేదికను పొడవు గోడ మధ్యలో వేసుకుని మూడు వైపులా చాపలు పరిస్తే అందరికీ కనిపిస్తుంది. అలా నూటపాతిక మంది వరకు పడతారు.

శబ్దం విషయంలో ఈ చోటుకు సాటి లేదు. శ్లాబు హాళ్ళలో మద్దెల దెబ్బ గోడలకు తగిలి తిరిగొచ్చి తర్వాతి మాటను మింగేస్తుంది. ఇక్కడ పెంకుల సందుల్లోంచి కొంత శబ్దం బయటికి పోతుంది, మిగిలినది గోడల మీద చెదిరిపోతుంది. హరికథ చెప్పే దాసుగారు చిడతలు పట్టుకుని పద్యం ఎత్తుకుంటే మైకు లేకుండానే చివరి చాప దాకా అక్షరం అక్షరం అందుతుంది. తప్పెటగుళ్ళను మాత్రం లోపల పెట్టకండి. పదిహేను ఇరవై మంది రొమ్ముకు గుళ్ళు కట్టుకుని ఎగిరే ఆటకు ముందున్న వేపచెట్ల ఆవరణే తగినది. నేల చదునుగానే ఉంది, ఆటకు ముందు నీళ్ళు చల్లించుకోవాలి.

కప్పు గూనపెంకు. 2018 అక్టోబరు తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎలా కుదిపేసిందో ఈ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. గాలి పెంకులను ముందు లేపేది చూరు దగ్గరా నడికొప్పు దగ్గరా కాబట్టి, ఆ వరసలను ఇప్పుడు సున్నంలో కూర్చారు. సరైన పని. వసారా మీద మాత్రం రేకులు వేశారు. వాన పడితే ఆ మోతకు లోపల కథ వినబడదు. రేకుల మీద తాటాకు పరిచినా కొంత నయం. రేకులు తీసి పెంకు నేయిస్తే ఇంకా మంచిది. పెంకులను ఏటా మృగశిర కార్తెకు ముందే సర్దించాలి, కోతులు కదిపిన ఒక్క పెంకు చాలు వాసం కుళ్ళడానికి.

కరెంటు సింగిల్ ఫేజ్. వెయ్యి వాట్ల హాలోజన్ లైటు ఒక్కటే నాలుగు ఆంపియర్లకు పైగా లాగుతుంది. అలాంటివి నాలుగు ఒకే లైనుకు తగిలిస్తే ఫ్యూజు పోతుంది. యాభై నాలుగు వాట్ల ఎల్‌ఈడీ లైట్లు పది పెట్టినా రెండున్నర ఆంపియర్లు దాటవు, అవే తెచ్చుకోండి. మరుగుదొడ్డి ఆవరణ చివర ఒక్కటే ఉంది, దారిలో దీపం లేదు. రాత్రి ప్రదర్శనలకు ఆడవాళ్ళు, పిల్లలు వస్తారని తెలిసీ ఇలా వదిలేయడం బాగోలేదు.

సవర గిరిజనుల చిత్రాల శిక్షణ గది గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎర్రమట్టి అలికిన పలకల మీద బియ్యప్పిండి తెలుపుతో, నలగ్గొట్టిన వెదురు పుల్లతో నేర్పిస్తున్నారు. సవరల ఇళ్ళలో ఈ బొమ్మ దేవుళ్ళకూ పెద్దలకూ పెట్టే మొక్కు, గోడకు అలంకారం కాదు. అందుకే బడి గోడల మీద వేయించకుండా పలకలకే పరిమితం చేయడం మర్యాదైన నిర్ణయం. అయితే బోర్డులన్నీ ఒడియాలో, తెలుగులో ఉన్నాయి, సవరలో ఒక్కటీ లేదు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరి, తర్వాత సవర నేర్చుకుని ఆ పిల్లలకు బడులు పెట్టించిన గిడుగు రామమూర్తి పటం గోడకు ఉంది. సవర భాష కోసం 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపిలో కనీసం ఒక్క పలకైనా ఆ పటం పక్కన పెట్టాలి.

అద్దె నామమాత్రం, కరెంటు మీటరు లెక్కన వేరుగా కట్టాలి. విశాఖ వైపు నుంచి వచ్చే బృందాలు గుణుపూరు పాసింజరులో పర్లాకిమిడిలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు, ఆ రోజుల్లో ఆవరణ ప్రదర్శన పెట్టుకుంటే హాలు కూడా కలిపి తీసుకోండి.