ఒషోగ్బోలో హోటల్ దోపిడీ, రాబందు పేర్లు

నైజీరియాలో ఒషోగ్బో వెళ్లేవాళ్లు గది అద్దెలో జనరేటర్ ఖర్చు కలిసి ఉందో లేదో అడక్కుండా డబ్బు కట్టొద్దు. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి మేం 32,000 నైరాలకు గది తీసుకున్నాం. రాత్రి పదింటికి కరెంటు పోయింది. డీజిల్‌కి ఇంకో 8,000 ఇస్తేనే జనరేటర్ వేస్తానన్నాడు మేనేజరు. ఇచ్చాం, రశీదు మాత్రం రాయలేదు. గంట తిరక్కుండానే ఆపేశారు. లాగోస్‌లో ఫార్మా ఉద్యోగం చేసే మా తమ్ముడు వాడితో గొడవకు దిగాడు. మా ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా గేటు బయటికి వెళ్లి నిలబడింది.

అక్కడ ఒక హౌసా జాతి ఆయన సూయా కాలుస్తున్నాడు. పుల్లకు గుచ్చిన గొడ్డుమాంసం, పైన మన పల్లీ కారప్పొడి లాంటి యాజీ. కాగితంలో పచ్చి ఉల్లిపాయలతో చుట్టి 3,000కి ఇచ్చాడు. మా గోల విని, హోటల్ బోర్డు వైపు పుల్ల చూపిస్తూ "ఉంగులు దా కాన్ జాబో" అన్నాడు. రాబందు ఒంటికి గినీకోడి తల అట, అంటే పైకి ఒకటి, లోపల ఇంకొకటి! ఆ రాత్రి మా ఆవిడ నవ్వింది అప్పుడే.

ఉంగులు (రాబందు) అనగానే మా ఇగ్బో జాతి డ్రైవర్ ఊరుకోలేదు. "ఓగా (సార్), మా దగ్గర అది ఉదెలె. బలి ఇచ్చాక ఉదెలె రాకపోతే పైలోకంలో ఏదో తేడా జరిగిందని పెద్దలు భయపడతారు" అన్నాడు.

మర్నాడు ఓషున్ అమ్మవారి పవిత్రవనం. 2005 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. గైడ్‌కి 5,000 ఇచ్చాం, ప్రతి నైరాకీ న్యాయం చేశాడు. అక్కడి యొరుబా భాషలో రాబందుని ఇగున్ అంటారు, గున్నుగున్ అని కూడా అంటారు. ఓషున్ అమ్మవారి దూత అదేనని, గున్నుగున్ చిన్న వయసులో చావదన్న సామెత ఉందని నది ఒడ్డున నిలబడి చెప్పాడు. ఆ బట్టతల వాళ్లకు నిండు ఆయుష్షుకి గుర్తు.

అంత పేరున్న పక్షి మాకు ఒక్కటీ కనబడలేదు. నాటుమందులకని రాబందు తలలు బజార్లలో అమ్ముతారని గైడ్ చెబితే మనసు చివుక్కుమంది. ఆఫ్రికా ఊళ్లలో తిరిగే చిన్న రాబందును 2015లోనే తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు. మన దగ్గరైతే పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు వాటి కళేబరాలు తిన్న రాబందుల్ని చంపేది; దాన్ని 2006లో నిషేధించేసరికే రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

పవిత్రవనం తప్పకుండా చూడండి, గైడ్‌ని పెట్టుకునే చూడండి. బస మాత్రం ఇబాదాన్‌లో పెట్టుకోండి. పొద్దున్నే బయల్దేరితే రెండు గంటల ప్రయాణం.